ఒక్క చింతపిక్క

మోహన్‌కృష్ణ మాస్టారు బల్ల మీద మూడు సెల్‌ఫోన్లు వరసగా పెట్టి, ఒక్కోదాని ముందు సుద్దముక్కతో ఎ, బి, సి అని రాశాడు. మొదటి రెండూ ఆయనవే. మూడోది అటెండరు అప్పన్నది. పెళ్ళికి అరువిచ్చిన గొలుసుని చూసుకున్నట్టు అప్పన్న తలుపు దగ్గర నిలబడి దాన్నే చూసుకుంటున్నాడు.

"నేను ప్రశ్న వేస్తాను. బోర్డు మీద మూడు జవాబులు రాస్తాను. మీకు ఏది సరైనదనిపిస్తే ఆ ఫోన్‌కి మిస్డ్ కాల్ ఇవ్వండి. పైసా ఖర్చు లేదు. ఎవరేం చెప్పారో పక్కవాళ్ళకి తెలీదు. తప్పయినా సిగ్గుపడక్కర్లేదు," అన్నాడాయన.

ఆయనకి ఇంకా ముప్పై నిండలేదు. పార్వతీపురం నుంచి అరకు డిగ్రీ కాలేజీకి వచ్చి ఏడాదిన్నర అయింది. అర్థశాస్త్రం చెబుతాడు. వచ్చిన రోజు నుంచీ ఆయనకి ఒకటే బెంగ. ఈ కొండపిల్లలు నోరు విప్పరు. ప్రశ్న వేస్తే గోడకి వేసినట్టే. మొన్న దీపావళి తర్వాత విశాఖపట్నంలో ఏదో శిక్షణకి వెళ్ళి ఈ ఉపాయం మూటగట్టుకొచ్చాడు. మంచి ఉపాయమే, మంచి మనసుతోనే తెచ్చాడు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే తర్వాత జరిగింది విన్నవాళ్ళకి ముందు ఆయన్ని తిట్టాలనిపిస్తుంది.

"బుధవారం నుంచి హాజరు కూడా దీంతోనే. మిస్డ్ కాల్ వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు. ఒకరి బదులు ఇంకొకరు 'ఎస్సార్' అనడం ఇక చెల్లదు. ఒక పేరుకి ఒకే నెంబరు."

ముప్పై నాలుగు మందిలో కొందరు నవ్వారు, కొందరు జేబులు తడుముకున్నారు. వెనక బెంచీలోంచి ఎవరో "ఫోన్ లేనోళ్ళు సార్?" అన్నారు.

"ఇంట్లో ఎవరిదో ఒకరిది తెచ్చుకోండి. రెండు వేల ఎనిమిది కూడా అయిపోవస్తోంది. ఫోన్ లేని ఇల్లెక్కడుందయ్యా ఈ రోజుల్లో?"

ఫోన్ లేని ఇళ్ళ పిల్లలు ఆ తరగతిలో ఏడుగురు. ఏడుగురూ తలలు వంచుకున్నారు. ప్రశ్న గోడకి వేసినట్టుందని ఆయన అనుకోవడం ఇలాంటప్పుడే.

పాంగి సోని ఆ ఏడుగురిలో ఒకతె. పోయినేడు మొదటి నెలలో ఒక్కసారి లేచి జవాబు చెప్పింది. చెట్టుని "సెట్టు" అంది. తరగతంతా నవ్వింది. ఆ తర్వాత ఆ పిల్ల నోరు తెరవలేదు. ఇప్పుడు ఆమెకి నవ్వుల భయం కాదు, హాజరు భయం. సామలు కోసినప్పుడు పది రోజులు, కాఫీపళ్ళు ఏరినప్పుడు పదకొండు రోజులు మానేసింది. డెబ్బై అయిదు శాతం లేకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. సోనిది అరవై ఎనిమిదిలో ఉంది. ఇంకొక్క నెల గండి పడితే సంవత్సరం పోయినట్టే. మళ్ళీ చదివిస్తామనే స్తోమత ఇంట్లో ఎవరికీ లేదు.

పేర్లూ నెంబర్లూ రాయమని కాగితం తిప్పారు. సోని తన పేరెదురుగా ఖాళీ వదిలేసింది. సాయంత్రానికి అప్పన్న ఆ కాగితాన్ని తరగతి తలుపు పక్కనే నాలుగు మేకులు కొట్టి తగిలించాడు.

సోని ఊరు తోటపుట్టుకి తారురోడ్డు దిగి మూడు కిలోమీటర్లు కొండెక్కాలి. పద్నాలుగు గడపల ఊరు. ఊరంతటికీ ఒకటే ఫోను. పసుపు బాగా పండిన ఏడాది అందరూ కలిసి కొన్నారు. ఊళ్ళో సిగ్నల్ లేదు. గట్టు మీద జీలుగు చెట్టు దగ్గర మాత్రం రెండు గీతలు వస్తాయి. అందుకని ఆ చెట్టుకే ఒక వెదురుబుట్ట కట్టి, ఫోన్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో పెడతారు. మోగితే దగ్గర్లో ఉన్నవాళ్ళు వెళ్ళి తీస్తారు. వారానికోసారి ఊరి పెద్ద భీమన్న దాన్ని రోడ్డు మీది కొట్టుకి పట్టుకెళ్ళి చార్జింగు పెట్టించుకొస్తాడు. చంటిపిల్లని స్నానానికి తీసుకెళ్ళినట్టు తీసుకెళతాడు.

సోమవారం పొద్దు వాలుతుండగా భీమన్న అరుగు ముందు మంట వేసి ఊరు కూర్చుంది. సోని తండ్రి సోంబరు లేచి సంగతి చెప్పాడు. పొద్దున్న పట్టుకెళ్ళి, పొద్దుండగానే పట్టుకొచ్చేస్తుంది, పరీక్షల దాకా అంతే అన్నాడు.

"మరి మీ కోడలికి నెలలు నిండతన్నాయి గదరా," అన్నాడు భీమన్న.

సోంబరు కొడుకు సుక్రు భార్య రాజులమ్మ. తొలిచూలు. గోడవారన ఒళ్ళంతా దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఆమెని ఎవరూ అడగలేదు. ముసలమ్మలే వేళ్ళు మడిచి లెక్క తేల్చేశారు.

"ఇటుకల పండక్కి గదా నెల తప్పింది. కందికొత్త తిన్నాకే కానుపు. ఇంకా నెల పైమాటే."

ఇటుకల పండగ చైత్రంలో, కొత్త కందులు తినే కందికొత్త సంక్రాంతి వేళకి. ఆ ఊళ్ళో లెక్కంతా పండగలతోనే. పుట్టుక, పెళ్ళి, బాకీ, చావు, ఏదైనా ఏదో ఒక పండక్కి ముందో వెనకో పడాలి. ఎవరి నెలలైనా అలాగే లెక్కిస్తారు. రోజుల తేడా వస్తే పండగది తప్పు కాదు, రోజులదే తప్పు.

భీమన్న రెండు అడ్డాకు డొప్పలు కుట్టాడు. ఒకదానికి పసుపు రాశాడు, రెండోదానికి బొగ్గు. సరే అనేవాళ్ళు పసుపుడొప్పలో, వద్దనేవాళ్ళు బొగ్గుడొప్పలో పిక్క వెయ్యాలి. గడపకొక చింతపిక్క. డొప్పల్ని లోపల చేట చాటున పెడతారు. ఎవరు దేన్లో వేశారో ఎవరికీ కనపడదు. మాస్టారు విశాఖపట్నం వెళ్ళి నేర్చుకొచ్చిన విద్య తోటపుట్టులో తాతల నాటి నుంచీ ఉంది. కాకపోతే దానికి సిగ్నల్ అక్కర్లేదు.

"అడిగింది మేమే గదా, నానేసుకోకూడదు. కోడలేత్తాది," అన్నాడు సోంబరు.

రాజులమ్మ ఇంటికెళ్ళి పిక్క పట్టుకొచ్చి లోపలికి వెళ్ళింది. వచ్చి మళ్ళీ గోడవారన కూర్చుంది. అందరూ వేశాక భీమన్న డొప్పలు బయటికి తెచ్చి మంట వెలుగులో ఒంపాడు. పసుపుడొప్పలో పదమూడు. బొగ్గుడొప్పలో ఒక్కటి.

"ఈ పిక్క ఎవులిదో గాని, ఏపుకు తినీది ఏసీసినారు!" అని భీమన్న దాన్ని ఎత్తి చూపించాడు. మిగతావన్నీ ఎర్రగా నిగనిగలాడుతుంటే అదొక్కటే మాడి, తోలు పగిలి ఉంది. అందరూ నవ్వారు. సోని అందరికన్నా గట్టిగా నవ్వింది. పదమూడు పడ్డాయన్న సంతోషం ఆమెది.

పూర్వం అలా ఒక్క పిక్క ఎదురు పడితే మర్నాడు మళ్ళీ కూర్చోవడం ఆ ఊరి కట్టు. ఎందుకు పడిందో తెలిసేదాకా పని మొదలెట్టేవారు కాదు. భూమి తగువుల్లోనూ పెళ్ళి తగువుల్లోనూ ఇప్పటికీ అంతే. ఇదేం భూమా, పెళ్ళా? ఒక ఫోను. పైగా చలి. భీమన్న ఆ పిక్కని మంటలోకి విసిరి లేచాడు.

మంగళవారం సోని కాలేజీకి వెళ్ళి, గోడ మీద కాగితంలో తన పేరెదురుగా ఊరి నెంబరు రాసుకుంది.

బుధవారం తరగతిలో ఒక తమాషా. ఆ గదిలో సిగ్నల్ కిటికీ వైపే వస్తుంది. మాస్టారు రాకముందే ఫోన్ ఉన్నవాళ్ళంతా కిటికీ వైపు మూడు బెంచీల మీద ఒకరి మీద ఒకరు పడ్డారు. అందరూ ఒకేసారి నొక్కితే లైను కలవదు కాబట్టి బెంచీ తర్వాత బెంచీ నొక్కాలి. ఒక ప్రశ్నకి పావుగంట పట్టింది. అయినా మాస్టారి మొహం వెలిగిపోతోంది. గోడలకి ప్రాణమొచ్చింది మరి.

సోనిని సాయిదుర్గ తన పక్కన కూర్చోబెట్టుకుంది. సాయిదుర్గ తండ్రి రైల్వేలో పనిచేస్తాడు. మనిషి నెమ్మది. ఫోన్ ఎలా నొక్కాలో, ఎన్ని మోతలకి ఆపెయ్యాలో సోనికి ఆమే చూపించింది.

"వానలు బాగా కురిసి పసుపు పంట రెట్టింపయింది. సంతలో పసుపు ధర ఏమవుతుంది? ఎ, పెరుగుతుంది. బి, తగ్గుతుంది. సి, మారదు."

పంట బాగుంటే రైతు బాగుంటాడని పుస్తకాల్లో చదువుకున్నవాళ్ళు ఎ నొక్కారు. వాళ్ళని చూసి పక్కవాళ్ళు, నలుగురితో నారాయణా అని, వాళ్ళూ ఎ నొక్కారు. సోనికి ఆలోచించే పని లేకపోయింది. ఫోన్ కొన్న ఏడాది తర్వాతి ఏడు, పసుపు ఇంకా బాగా పండి, ఎవరూ కొనక, అన్న సుక్రు రెండు కావిళ్ళు మళ్ళీ కొండ మీదికి మోసుకురావడం ఆమె చూసింది. బి నొక్కింది.

మాస్టారు రెండో ఫోన్ చేతిలోకి తీసుకుని చదివాడు. "సరైన జవాబు బి. చెప్పింది అయిదుగురే. మొదటి పేరు పాంగి సోని."

ఎవరూ నవ్వలేదు. మొదటి వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆ పిల్లకి కాలేజీలో చేరినప్పటి నుంచీ అంత సంతోషం లేదు. సాయంత్రం కొండెక్కుతూ రెండుసార్లు సంచిలోంచి ఫోన్ తీసి చూసుకుంది. చెట్టు దగ్గర భీమన్న నిలబడి ఉన్నాడు.

"వొచ్చీసినావా గుంటా? ఈ బుట్ట కాళీగుంటే నాకు కాలూ సెయ్యీ ఆడలేదు," అని ఫోన్ తీసుకుని బుట్టలో పెట్టాడు.

గురువారం కూడా సోని జవాబు సరిపోయింది. ఆ రోజు సాయిదుర్గ ఫోను మధ్యలో నాలుగైదుసార్లు బుర్రుమంది. ఆమె చూసి, తెర కిందికి ఉండేలా బెంచీ మీద బోర్లించింది. "ఎవులు?" అని అడిగింది సోని. "ఎవరో. రాంగ్ నెంబర్," అంది సాయిదుర్గ. తన సంతోషంలో సోని మళ్ళీ అడగలేదు.

వెళ్ళేముందు మాస్టారు చెప్పాడు. "రేపు శుక్రవారం. సంత పేరు చెప్పి సగం మంది మానేస్తారని నాకు తెలుసు. రేపు పొద్దున ఒక ప్రశ్న, మధ్యాహ్నం ఒక ప్రశ్న. వచ్చినవాళ్ళకి రెండు హాజర్లు."

శుక్రవారం మంచు ఇంకా కొండ దిగలేదు. సుక్రు చీకటితోనే అల్లం బస్తా ఎత్తుకుని సంతకి వెళ్ళిపోయాడు. ఊళ్ళో కాళ్ళున్న మగవాళ్ళంతా వెళ్ళారు. సోని గంజి తాగి లేస్తుంటే రాజులమ్మ పొయ్యి దగ్గర నడుం మీద చెయ్యి వేసుకుని వంగి ఉంది.

"ఏటైంది ఒదినా?"

"నడుం పట్టీసినట్టుంది."

"ఎప్పుట్నుంచి?"

"తెల్లారగట్నుంచి. నిన్న కట్టెలు మోసినాను గదా."

సోని గుమ్మంలో ఆగింది. "ఫోను ఉంచీమంటావా?"

అడిగింది. అడగలేదని ఎవరూ అనలేరు. కానీ అడిగినప్పుడు ఆమె చెయ్యి సంచి తాడు మీద ఉంది, ఒక కాలు గడప బయట ఉంది. రాజులమ్మ ఆ చేతి వంక చూసింది. ఆ కాలి వంక చూసింది.

"ఒద్దులే. నువ్వెల్లు. బేగొచ్చీ," అంది.

సోని గట్టు దాకా పరుగున వెళ్ళి, బుట్టలోంచి ఫోన్ తీసుకుని దిగిపోయింది.

పొద్దుటి ప్రశ్నకి సరైన జవాబు ఎ. సోని ఎ నొక్కింది. మధ్యాహ్నం ప్రశ్నకి సి. సోని సి నొక్కింది. తరగతిలో పద్దెనిమిది మందే ఉన్నారు కాబట్టి పని తొందరగా అయింది. "నాలుగు ప్రశ్నలకి నాలుగూ సరిగ్గా చెప్పింది ఒక్కరే. సోనీ, నువ్వు మాట్లాడవు గానీ అమ్మా, నీకు తెలియనిది లేదు," అన్నాడు మాస్టారు. ఆమె కళ్ళు నేలకి దించుకుని నవ్వుకుంది.

మూడున్నరకి సోని ఎక్కిన ఆటో తోటపుట్టు మలుపు దగ్గర ఆగింది. కల్వర్టు పక్కన తెల్లటి అంబులెన్సు బండి ఉంది. తలుపు మూస్తున్నారు. మూసే తలుపు సందులోంచి రాజులమ్మ పాదాలు కనిపించాయి. పాదాలకి ఎర్రమట్టి. గడ్డిలో ఒక పొడుగాటి వెదురు, దానికి కట్టిన దుప్పటి సగం విప్పి పడి ఉన్నాయి. బండి వెళ్ళిపోయింది. సోంబరు కల్వర్టు గోడ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తువ్వాలు మూట ఒకటి ఉంది. చిన్న మూట.

సోనికి అర్థమైంది. అర్థం కానట్టే నిలబడింది.

జరిగింది భీమన్న చెప్పాడు, ఆయాసపడుతూ. పది గంటల వేళ ఉమ్మనీరు పోయింది. "సెట్టు కాడికే పరిగెత్తీసినాను గుంటా. బుట్టలో సెయ్యెట్టీసినాను. తడుముకున్నాను. అప్పుడు గేపకమొచ్చింది." తర్వాత రోడ్డు దాకా మనిషిని పంపారు. రోడ్డు మీది రెండు కొట్లూ సంతకని మూసి ఉన్నాయి. మొయ్యడానికి కుర్రాళ్ళు లేరు. ముసలివాళ్ళే నలుగురు, పది అడుగులకోసారి దించుతూ తెచ్చారు. చివరికి రోడ్డు మీద పోతున్న ఒక జీపు డ్రైవరు ఫోన్ ఇచ్చాడు. బండి తొందరగానే వచ్చింది. కానీ బిడ్డ అంతకు ముందే, ఈ కల్వర్టు పక్కనే పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు.

"ఒదిన?"

"బతుకుద్దన్నారు."

సోని సంచిలో ఫోను ఉంది. దాన్ని తీసి భీమన్నకి ఇచ్చింది. తెర మీద సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి.

ఊళ్ళో ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. అదే ఆమెకి భరించరానిదయింది. భీమన్న ఫోన్‌ని మళ్ళీ బుట్టలో పెట్టి, "ఊరంతా కలిసి ఇచ్చినాం. నీదొక్కద్దానిదే తప్పెలాగవుద్ది?" అన్నాడు. సుక్రు సంత నుంచి తెచ్చిన చిన్న ఎర్ర గౌను చూరులో దోపేశాడు. సోంబరు గట్టు కింద గొయ్యి తవ్వి వచ్చి, స్నానం చేసి, రెండు రోజులు పడుకునే ఉన్నాడు.

సోమవారం రాజులమ్మని తీసుకొచ్చారు. ఆమె గోడకి తిరిగి పడుకుంది. పాలు వస్తున్నాయి. రొమ్ములకి గుడ్డ బిగించి కట్టుకుంది. సోని గంజి కాచి పెడితే తాగింది, గిన్నె పక్కన పెట్టింది, మళ్ళీ గోడకి తిరిగింది.

మంగళవారం పొయ్యిగది అలుకుదామని సోని సామాన్లు జరిపింది. ఉట్టి కింద మట్టి మూకుడు. మూకుట్లో గుప్పెడు చింతపిక్కలు, వేపినవి, మాడి తోలు పగిలినవి. కడుపుతో ఉన్నప్పటి నుంచీ రాజులమ్మకి అవంటే ఇష్టం. రోజూ సాయంత్రం వేపుకుని, ఒక్కొక్కటీ బుగ్గన పెట్టుకునేది. సోని ఒక పిక్క చేతిలోకి తీసుకుంది. పొయ్యి ముందు అలాగే చతికిలబడింది. భీమన్న ఎత్తి చూపించిన పిక్క కళ్ళ ముందుకొచ్చింది. అందరూ నవ్వడం, తను అందరికన్నా గట్టిగా నవ్వడం గుర్తొచ్చింది.

చాలాసేపటికి లేచి వెళ్ళి వదిన మంచం పక్కన కూర్చుంది. అరచెయ్యి తెరిచి చూపించింది.

"ఇది నువ్వేసిందేనా ఒదినా? బొగ్గుడొప్పలో?"

రాజులమ్మ పిక్కని చూసింది. ఔననలేదు, కాదనలేదు.

"పండక్కి ముందే తప్పింది నాకు. నెలపైనే ముందు. నర్సమ్మ కూడా డిసెంబర్లోనే అంది. ముసలమ్మలు పండగ లెక్క సెప్పినారు. అంతమంది మగోల్ల ముందు లెగిసి, కాదు, నాకు ఫలానప్పుడు తప్పిందని ఎలాగ సెప్పీది?"

"నాకు సెప్పొచ్చు గదా."

"సెబుదామనే అనుకున్నాను," అంది రాజులమ్మ. "నువ్వప్పటికే నవ్వుతన్నావు."

సోని అరచెయ్యి మూసింది.

"నోటితో సెప్పనేక పిక్కేసినాను. అడుగుతారనుకున్నాను. ఎదురు పిక్క పడితే మా ఊళ్ళో అయితే అడుగుతారు. మీ ఊళ్ళోనూ అడుగుతారని మీ అన్న సెప్పినాడు." ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. "మంటలో ఏసీసినారు."

బుధవారం సోని కాలేజీకి వెళ్ళింది. వెళ్ళమని రాజులమ్మే అంది. భీమన్న గట్టు మీద ఎదురై, "తీసుకెల్తావా?" అని బుట్ట వైపు చూశాడు. సోని తల అడ్డంగా ఊపి దిగిపోయింది.

తరగతిలో ఆమె కిటికీ వైపు వెళ్ళలేదు. గోడ వైపు, సిగ్నల్ రాని బెంచీ మీద, ఫోన్ లేని మిగతా ఆరుగురి పక్కన కూర్చుంది. సాయిదుర్గ సైగ చేసినా లేవలేదు. సాయిదుర్గ మొహం వాడిపోయి ఉందని ఇప్పుడు గమనించింది.

మోహన్‌కృష్ణ మాస్టారు ఉత్సాహంగా ఉన్నాడు. ఈ పద్ధతి గురించి ఆయన పైవాళ్ళకి నివేదిక పంపాలి. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాడు. "మిస్డ్ కాల్ పద్ధతి వల్ల మీకు మేలు జరిగిందా? ఎ, జరిగింది. బి, జరగలేదు."

బెంచీ తర్వాత బెంచీ నొక్కారు. బల్ల మీద ఫోన్లు మోగి మోగి ఆగాయి. ఆయన లెక్కపెట్టుకుని బోర్డు మీద వేశాడు. ఎ ఇరవై ఆరు. బి ఒకటి.

"చూశారా! దాదాపు నూటికి నూరు. ఆ ఒక్కటీ ఎవరో వేలు జారి నొక్కి ఉంటారు," అన్నాడు నవ్వుతూ. అందరూ నవ్వారు. బి ఎదురుగా ఉన్న ఒకటిని చెరపడానికి ఆయన డస్టరు ఎత్తాడు.

ఆ నవ్వు సోని విన్న నవ్వే. ఆ రాత్రి మంట ముందర, ఆ చలిలో.

"సార్."

ఎవరు పిలిచారో మాస్టారికి వెంటనే తెలియలేదు. పోయినేటి ఆ ఒక్క మాట తర్వాత ఆయన ఆ గొంతు వినలేదు. గోడవైపు బెంచీలో సోని నిలబడి ఉంది. ఒక చేత్తో బెంచీ చెక్క పట్టుకుని, రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంది.

"సెరపొద్దు సార్. ఆ ఒక్కలు ఎవులో అడగండి సార్. ఎందుకో అడగండి."

ముందు వరసలో "ఒక్కలు" అని ఎవరో కిసుక్కుమన్నారు. సోని వినిపించుకోలేదు.

"ఒక్కటే కదమ్మా," అన్నాడు మాస్టారు. "శాతంలో చూస్తే అది లెక్కలోకి రాదు."

"మా ఊళ్ళోనూ ఒక్కటే పడింది సార్. పదమూడు ఇటు, ఒక్కటి అటు. లెక్కలోకి రానేదు. నవ్వీసినాం. నానూ నవ్వినాను." ఆమె ఆగలేదు. "ఊరికంతటికీ ఒకటే ఫోను సార్. హాజరుకని నాకిచ్చినారు. ఒద్దని ఒక్క పిక్క ఏసింది మా ఒదిన. అడిగుంటే సెప్పేది సార్, నొప్పులు ఈ నెల్లోనే వొత్తాయని. ఎవులమూ అడగలేదు. శుక్రవారం నాను ఇక్కడ మీకు ఎ నొక్కినప్పుడు మా ఒదినకి నొప్పులు. సి నొక్కినప్పుడు దారిలో ఉంది. గుంట పుట్టింది సార్. ఏడవనేదు."

తలుపు దగ్గర అప్పన్న తన చేతిలోని ఫోన్ వంక చూసి, దాన్ని జేబులో వేసుకున్నాడు. మాస్టారు చేతిలో డస్టరు అలాగే ఉంది. శుక్రవారం రెండు హాజర్లన్నది తనేనని ఆయనకి గుర్తొచ్చింది. ఏదో అనబోయాడు. ఈసారి గోడ ఆయనే అయ్యాడు.

ఆయన డస్టరు కింద పెట్టాడు. బల్ల మీంచి రెండో ఫోన్ తీశాడు. అందులో ఒక్క పేరే ఉంటుంది. చదవకుండానే దాన్ని బోర్లించాడు.

"ఎవరైనా ఏమీ అనను," అన్నాడు. "ఎందుకో చెప్పండి చాలు. చెప్పాలనిపిస్తేనే."

ఎవరూ లేవలేదు. బయట రైలు కూత వినిపించి ఆగిపోయింది. సోని కూర్చోలేదు. ఆ బెంచీ చెక్కని అలాగే పట్టుకుని నిలబడింది.

కిటికీ వైపు సాయిదుర్గ లేచింది. తల ఎత్తలేదు.

"నేనే సార్. గోడ మీద పెట్టారు కదా, పేర్లూ నెంబర్లూ. వారం నుంచి ఎవరెవరో చేస్తున్నారు. ఏవేవో మాటలంటున్నారు. నిన్న మా నాన్న ఎత్తారు. రేపటి నుంచి కాలేజీ వద్దన్నారు. ఇవాళే ఆఖరు అని వచ్చాను సార్."

మాస్టారు తలుపు దగ్గరికి నడిచాడు. గోడ మీది కాగితాన్ని మేకులతో సహా లాగేశాడు. మడిచి చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక అక్కడే నిలబడ్డాడు. "సాయంత్రం మీ ఇంటికి వస్తానమ్మా," అన్నాడు సాయిదుర్గతో. తర్వాత గోడవైపు బెంచీకి తిరిగాడు.

సోని అప్పుడు కూర్చుంది. పిడికిలి విప్పితే అందులో పిక్క ఉంది. పొద్దున్న ఇంటి దగ్గర నుంచీ అక్కడే ఉంది. దాన్ని బెంచీ మీద పెట్టి, దాని మీద తల ఆనించి, శుక్రవారం నుంచి రాని ఏడుపు అప్పుడు అంతమందిలో గట్టిగా ఏడ్చింది.